ఆదివారం నాడు పరుగెత్తే పాట

మా ఫాలెవాయి ఊళ్ళో చాలా ఏళ్ళపాటు ఒక్కో కీర్తనకీ రెండేసి వేగాలుండేవి. బుధవారం సాయంత్రం సాధనలో ఒక వేగం, ఆదివారం ఉదయం ఆరాధనలో ఇంకో వేగం. బుధవారం నాడు ప్రతి మాటనీ నోట్లో నానబెట్టుకుంటూ నింపాదిగా పాడిన పాటే ఆదివారం వచ్చేసరికి వెనక కుక్క తరుముతున్నట్టు పరుగెత్తేది. ఆడగొంతులు ముందు పోయేవి, మగగొంతులు వాటి వెంట పడేవి, మధ్యలోవాళ్ళు ఎవరితో పోవాలో తెలియక దొరికిన చోట దూరేవాళ్ళు. అందరికన్నా కిందిస్థాయిలో పాడే సాలెవావో తాత అయితే పైకే అనేవాడు.

"నేను ఆమేన్ అనేసరికి మీరంతా ఇళ్ళకెళ్ళి చేతులు కడుక్కుంటున్నారర్రా."

అయినా ఊళ్ళో ఎవరికీ పెద్ద ఫిర్యాదు లేదు. పాటలు తొందరగా అయితే ఆరాధన తొందరగా అవుతుంది. ఆరాధన తొందరగా అయితే ఉము పొయ్యిలో కాల్చిన రాళ్ళ మీద ఉడికిన చేమదుంపలూ, లేత ఆకుల్లో కొబ్బరిపాలు పోసి చుట్టిన పలుసామీ వేడి చల్లారకముందే ముందుకొస్తాయి. ఆదివారం భోజనాన్ని ముందుకు జరిపే పాటని తప్పుపట్టేంత భక్తిపరులు మా సవాయి దీవిలో ఉన్నారని ఎవరైనా అంటే నమ్మకండి.

పాటని అలా తరిమే మనిషి పేరు లానువోలా. నలభై దాటిన మనిషి. భారీ విగ్రహం, అంతకన్నా భారీ నవ్వు. కోకో గింజలు వేయించి రోట్లో దంచి ఉండలు చెయ్యడంలో ఆమెకి ఆ చుట్టుపక్కల సాటి లేదు. పాటల బృందాన్ని నడిపించడంలోనూ లేదనే చెప్పాలి, ఆదివారం వేగం సంగతి పక్కన పెడితే.

నడిపించడం ఆమెకి తండ్రి ఫెరెటి నేర్పిన విద్య. ఫెరెటి పాట ఎత్తుకునే ముందు ఎడమ అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, కాసేపు లోపలి దెబ్బ విని, ఆ దెబ్బకే కుడిచెయ్యి పైకి లేపేవాడు. "పాట వేగం గడియారం చెప్పకూడదే పిల్లా, గుండె చెప్పాలి" అనేవాడు. ఆయన గుండె నిదానమైన గుండె. అందుకే ఆయన కాలంలో మా ఊరి పాటలు నిదానంగా నడిచేవి. ఒక ఆదివారం భోజనాల దగ్గర అదే అరచెయ్యి అదే గుండె మీద పెట్టుకుని పక్కకి ఒరిగిపోయాడు, మళ్ళీ లేవలేదు. ఆ తరవాత బృందం కూతురి చేతికొచ్చింది. ఆమె కూడా తండ్రిలాగే గుండె మీద చెయ్యి పెట్టి, విని, చెయ్యెత్తేది.

చిక్కంతా అక్కడే ఉంది. లానువోలాకి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. మామూలు రోజుల్లో అది ఎక్కడో మూల పడి ఉంటుంది. ఆదివారం మాత్రం తెల్లవారుతూనే లేచి కూర్చుంటుంది. ఎందుకంటే ఆదివారం తెల్లవారుజామున ఊళ్ళో ప్రతి ఇంటి వెనకా మగవాళ్ళు కట్టెలు పేర్చి ఉము రాళ్ళు కాలుస్తారు. ఆ పొగ కొబ్బరిచెట్ల మొవ్వుల దాకా లేచి, అక్కడ నిలిచిపోయి, మెల్లగా ఊరి మీదికి దిగుతుంది. ఆ వాసనకి మాకందరికీ ఆకలేస్తుంది. లానువోలాకి ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి.

అప్పుడు ఆమె ఉబ్బసానికి పీల్చే మందు, నీలం పంపు తీసేది. లేవగానే ఓసారి, స్నానమయ్యాక ఓసారి, తెల్లబట్టలు కట్టుకున్నాక ఓసారి, చర్చి మెట్లెక్కాక ఇంకోసారి. ఆ చివరిది ఎవరి కంటా పడకుండా, నెత్తిమీది తెల్ల టోపీని మొహానికి అడ్డం దించి పీల్చేది. పాట ముందు ఆవిడ ప్రార్థన చేసుకుంటోందని జనం అనుకునేవాళ్ళు. "ఎంత భక్తో చూడండి" అని పొరుగూరి వాళ్ళు మెచ్చుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. ఇక పొద్దున్నే చిక్కటి నల్లకోకో తాగితే ఊపిరి తెరుచుకుంటుందని ఆమె నాయనమ్మ చెప్పింది. ఆ మాట జవదాటకుండా ఓ పెద్ద మగ్గు నిండా పట్టించేది. అంత పంపూ, అంత కోకో లోపల పోసుకుని, బృందం ముందు నిలబడి గుండె మీద చెయ్యి పెట్టుకునేది. గుండె అప్పటికి గుర్రమై ఉండేది. అదే వేగానికి చెయ్యెత్తేది.

మొదట్లో ఆమెకి ఇది ఉత్సాహమనే అనిపించింది. ఏళ్ళు గడిచేకొద్దీ దడ ఎక్కువైంది. వేళ్ళు వణికేవి. ఒక్కోసారి గొంతులోకి వచ్చి కొట్టుకుంటున్నట్టుండేది. అప్పటి నుంచి ఆదివారం భోజనాల దగ్గర తండ్రి ఒరిగిపోయిన చోటు వైపు చూడటం మానేసింది. నాన్న గుండె నాకూ వచ్చింది అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. మొగుడు ఇలాయకి అసలే చెప్పలేదు. వాడికి చెబితే ఊరంతటికీ చెప్పినట్టే.

చెప్పకపోవడానికి ఇంకో కారణం ఉంది. మా కొత్త చర్చి పని ఆ ఏడాది చివరికి వచ్చింది. ఆక్లండ్‌లో ఉన్న చుట్టాలూ, ఇక్కడున్న మేమూ ఏళ్ళ తరబడి చెయ్యి వేస్తే లేచిన గోడలవి. ప్రారంభోత్సవం నాడు జిల్లాలోని బృందాలన్నీ వస్తాయి. ఫాలెవాయి బృందం ఫెరెటి కట్టిన పాట పాడాలని పెద్దలు తీర్మానించారు. ఆ పాట నడిపించడం కన్నా లానువోలా ఈ లోకంలో కోరుకున్నది మరొకటి లేదు. ఆ రోజు చెయ్యెత్తితే చాలు, తరవాత ఏమైనా ఫరవాలేదనే దాకా వెళ్ళింది.

పాస్టరమ్మగారికి మాత్రం వేరే ఆలోచన ఉంది. ఆవిడ చెల్లెలి కూతురు లూసియా రాజధాని అపియాలో చదువుకుని కీబోర్డుతో సహా దిగింది. ఆ కీబోర్డులో ఒక మీట నొక్కితే డప్పు అదే కొట్టుకుంటుంది, ఒక్క దెబ్బ ముందుకి పోదు, వెనక్కి రాదు. "బుధవారమైనా ఆదివారమైనా దానికి ఒకటే" అని పాస్టరమ్మగారు లానువోలా వింటుండగా ఒకటికి రెండుసార్లు అన్నారు. ఆవిడ చెడ్డమనిషేమీ కాదు. చెవి ఉన్న మనిషి. చెవి ఉన్నవాళ్ళకి ఆ ఆదివారాలు నరకంగానే ఉండి ఉంటాయి.

ఒక శనివారం మధ్యాహ్నం లానువోలా, ఆమె ఆడపడుచు సియెనీ కలిసి పలుసామికి ఆకులు చుడుతున్నారు. సియెనీ ఇలాయకి అక్క. పెద్ద నోరు, పెద్ద మనసు. మరదలి వేళ్ళు వణకడం చూసింది.

"ఏంటే ఆ వణుకు? కొబ్బరిపాలన్నీ నేలపాలు చేస్తున్నావ్."

"ఏం లేదు వదినా. ఇందాక పంపు పీల్చాను."

"పంపు ఊపిరికి కదా. చేతులకేమొచ్చింది?"

లానువోలాకి ఇక దాచుకోవడం చేతకాలేదు. గుండె సంగతీ, నాన్న సంగతీ, ప్రారంభోత్సవం దాకా బతికి ఉంటే చాలన్న సంగతీ అంతా చెప్పేసింది. సియెనీ ఆకు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, లోపలికెళ్ళి చిన్న సీసా తెచ్చింది.

"ఇదిగో. నాకు దడ వస్తే డాక్టరిచ్చిన మాత్రలు. ఒకటి వేసుకున్నానంటే గుండెని జుట్టు పట్టుకుని కూర్చోబెడుతుంది. రేపు పొద్దున్నే ఒకటి మింగు. మీ నాన్న బతికున్నప్పుడు ఎంత నిదానంగా పాడేవాళ్ళమో అలా పాడతాం."

మా దగ్గర ఎవరూ ఏదీ ఒంటరిగా తినరు. చేప దొరికితే నాలుగిళ్ళకి పోతుంది, చొక్కా కొంటే ముగ్గురు తొడుగుతారు. మందు మాత్రం ఎందుకు వేరవుతుంది? ఒకరికి తగ్గించింది ఇంకొకరికి ఎక్కిస్తుందని ఎవరనుకుంటారు? లానువోలా ఆ మాత్రని ఆశీర్వాదంలా రుమాలు కొసకి ముడేసుకుంది.

ఆదివారం తెల్లవారుజామునే మింగింది. నిజంగానే గుండె కూర్చుంది. పంపు రెండుసార్లు పీల్చినా లేవలేదు. లానువోలా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఈ ఒక్క ఆదివారం చూడండి నా పాట, అనుకుంటూ చర్చికి బయల్దేరింది. సగం దారిలో పొగ కమ్మింది. పిల్లికూతలు మొదలయ్యాయి. పంపు పీల్చింది. తగ్గలేదు. మెట్ల మీద మళ్ళీ పీల్చింది, మళ్ళీ మళ్ళీ పీల్చింది. ఎన్నడూ మొరాయించని మందు ఆ రోజు గోడకి కొట్టిన బంతిలా తిరిగి వచ్చేస్తున్నట్టుంది. బృందం ముందు నిలబడి చెయ్యెత్తింది. గుండె నాన్న గుండెలా నిదానంగా ఉంది. ఊపిరి మాత్రం లేదు. ఎత్తిన చెయ్యి అలాగే సాలెవావో తాత భుజం మీద పడింది.

ఆ తరవాత జరిగినదాన్ని మా ఊళ్ళో ఇప్పటికీ తలా ఒక రకంగా చెప్పుకుంటారు. ఇలాయ భార్యని ఎత్తుకుని పాస్టరుగారి పికప్ బండి వెనక పడుకోబెట్టాడు. ఉన్నపళాన పాటల బృందం కూడా ఎక్కేసింది, ఎవరు దిగమన్నా దిగలేదు. తెల్లబట్టలూ, తెల్లటోపీలూ, ఒకరి ఒళ్ళో ఒకరు. జిల్లా ఆసుపత్రి దాకా ఆ బండి పాకుతూనే వెళ్ళింది. దారిలో ఎవరో ఊరుకోలేక పాట అందుకున్నారు. నీలిరంగు పెదాలతో ఒరిగి ఉన్న లానువోలా చెయ్యి మెల్లగా ఊపి, వేగం తగ్గించమని సైగ చేసిందని సియెనీ ఒట్టేసి చెబుతుంది.

ఆసుపత్రిలో నర్సు కలమేలి ముక్కూ నోరూ కలిపి తొడుగు పెట్టి ఆవిరి మందు పట్టించింది, ప్రాణవాయువు పెట్టింది, నరానికి సూది గుచ్చింది. డాక్టరు ఛాతీకి తీగలు అంటించి గుండె గీతలు తీశాడు. గండం గడవడానికి మధ్యాహ్నం దాటింది. మాట్లాడగలిగాక కలమేలి మంచం పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పక్క ఊరి పిల్లే, ఎటు నుంచో చుట్టమే.

"ఇప్పుడు చెప్పు. పొద్దున ఏం మింగావ్?"

లానువోలా ఇంకా నోరు విప్పలేదు, మూల నుంచి సియెనీ భోరుమంది.

"నేనిచ్చానమ్మా. నా దడ మాత్ర. మంచిదనే ఇచ్చాను. ఇన్నేళ్ళలో దానికి పెట్టకుండా నేనేదీ ఒక్కదాన్నే తినలేదు."

కలమేలి సియెనీ చూపించిన సీసా చూసి కళ్ళు మూసుకుంది. "చేపైతే పంచుకో వదినా. మందు మాత్రం కాస్త పిసినారిగా ఒక్కదానివే తిను. ఈ మాత్ర నీ గుండెకి మంచిదే. ఉబ్బసమున్నవాళ్ళకి ఊపిరి గొట్టాలు బిగించేస్తుంది. పైగా తలుపు దగ్గర కాపలా కూర్చుని నీలం పంపుని లోపలికి రానివ్వదు. అందుకే ఎంత పీల్చినా ఫలితం లేకపోయింది."

లానువోలా మెల్లగా అడిగింది. "అసలు దడ ఎందుకొస్తోంది మరి? నాది మా నాన్న గుండేనా?"

ఆ ప్రశ్న ఆమె ఎన్నాళ్ళుగా మోస్తోందో ఆ గదిలో సియెనీకి తప్ప ఎవరికీ తెలియదు. ఇలాయ తలెత్తి చూశాడు. భార్య ఇంత భయాన్ని పక్కలో పెట్టుకుని పడుకుందని అప్పుడే తెలిసింది వాడికి.

డాక్టరు గీతల కాగితం మంచం మీద పరిచాడు. "మీ నాన్నగారి గుండె నేను చూడలేదు, చెప్పలేను. మీది ఇప్పుడే చూశాను. బాగుంది. మీ నాన్నగారి సంగతుంది కాబట్టి ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి, చాలు. ఆదివారాల దడ మాత్రం మీ మందు వల్లే."

"మందే దడ తెప్పిస్తుందా?" అన్నాడు ఇలాయ, ఎవరో మోసం చేశారన్నట్టు.

కలమేలి అందుకుంది. "నీలం పంపు ఊపిరి తలుపులు తీస్తుంది బావా. తీస్తూ పక్కనున్న గుండెని కూడా మోచేత్తో పొడుస్తుంది. అందుకే దడ, వణుకు. కాసేపుండి అదే పోతుంది. ఒకటి రెండుసార్లు పీలిస్తే ఒక పోటు. ఈవిడలా చర్చికెళ్ళేదాకా పీలుస్తూ పోతే గుండె ఏం చేస్తుంది పాపం? సరేగానీ, ఆ గోధుమ రంగు పంపు ఏదీ? పోయినేడు నేనే ఇచ్చాను."

లానువోలా పైకప్పు వైపు చూసింది. ఆ పంపు ఇంట్లో గూట్లో దువ్వెనల పక్కన దుమ్ము కొట్టుకుని ఉంది.

"అది పని చెయ్యదే. పీలిస్తే ఏమీ అవ్వదు. గుండె కదలదు, చెయ్యి కదలదు. సత్తువ లేని మందు."

మా వాళ్ళందరి తీరూ ఇదే. ఒళ్ళు పట్టేవాడు పడితే కేక పుట్టాలి, ఆకుపసరు తాగితే మొహం వంకర తిరగాలి, కోకో చూస్తే నల్లగా ఉండాలి. లోపల ఏదీ ఎగిరి పడకపోతే అది మందెలా అవుతుంది?

"అదీ సంగతి" అంది కలమేలి. "గుండెని తన్నింది కాబట్టి నీలం మందు గొప్పది. చప్పుడు చెయ్యదు కాబట్టి గోధుమ రంగుది దండగ. అంతేనా? ఆ చప్పుడు చెయ్యనిదే రోజూ పొద్దునా సాయంత్రం లోపల వాపు తగ్గిస్తుంది తల్లీ. వాపు తగ్గితే పొగొచ్చినా నీలం పంపు అన్నిసార్లు అక్కర్లేదు. రోజూ పీల్చు, పీల్చాక నోరు పుక్కిలించు. కొన్ని వారాలు ఓపిక పట్టు. కోకో ఎంత తాగుతావు?"

"ఒక కప్పు."

"కప్పా?" అన్నాడు ఇలాయ. "నేను దాంతో పడవలో నీళ్ళు తోడొచ్చు."

"అది కూడా గుండెని ఉరికించేదే. ఆదివారం సగం తాగు, పల్చగా తాగు." కలమేలి అడుగున చిల్లు పొడిచిన ఖాళీ నీళ్ళసీసా తెచ్చి, చిల్లులో పంపు మూతి గుచ్చి చూపించింది. "ఇలా సీసాలోంచి మెల్లగా పీలిస్తే మందు గొంతులో అంటుకుపోకుండా లోపలికి చేరుతుంది. తక్కువతోనే సరిపోతుంది."

లానువోలా సీసాని అటూ ఇటూ తిప్పింది. "దడకి భయపడి నీలం పంపు పూర్తిగా మానేస్తే?"

కలమేలి మొహంలో నవ్వు పోయింది. "ఆ పని మాత్రం చెయ్యకు. ఊపిరందకపోతే తీసుకోవాల్సిందే. గుండె కాసేపు పరుగెత్తి ఇంటికొస్తుంది. ఊపిరి పోతే ఇంకేదీ రాదు. పంపుకి తగ్గకపోయినా, గుండె లయ తప్పి కొట్టుకున్నా, ఛాతీలో నొప్పొచ్చినా ఇక్కడికి రా. పికప్‌లో ఊరంతా రానక్కర్లేదు, నువ్వొస్తే చాలు."

సోమవారం పాస్టరమ్మగారు కోడిచారు పట్టుకుని వచ్చారు. మంచం మీద కూర్చుని, దుప్పటి సర్ది, ప్రార్థన చేసి, ఆ తరవాత అసలు విషయం చెప్పారు.

"ప్రారంభోత్సవం నాడు లూసియా కీబోర్డు మీద నడిపిస్తుందమ్మా. నువ్వు ముందు వరసలో కూర్చుని పాడు. నీ మంచికే చెబుతున్నాను."

లానువోలా చారు పక్కన పెట్టింది. ఆమెకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "ఏ పాటైనా లూసియాకి ఇవ్వండి అమ్మగారూ. నాన్న పాట ఇవ్వను. దాన్ని మీట నొక్కి నడిపిస్తే నేను వినలేను."

"మళ్ళీ అందరి ముందూ పడిపోతే నేను చూడలేను. పాట పరుగెత్తినా వినలేను. ఉన్న మాటే అంటున్నాను."

"అయితే వచ్చే ఆదివారాలన్నీ వినండి. ఒక్క ఆదివారం పాట పరుగెత్తినా నేనే లూసియాకి కుర్చీ వేస్తాను."

పాస్టరమ్మగారు ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు. పాస్టరుగారి ఇల్లు సముద్రం వైపు కొసన ఉంది, గాలి అక్కడి నుంచి ఊళ్ళోకి వీస్తుంది కాబట్టి పొగ అక్కడికి రాదు. శనివారాలు లానువోలా అక్కడే పడుకోవాలి. లానువోలా గురక ఎలాంటిదో తెలియక పెట్టిన షరతు అది. మొదటి ఆదివారం పాస్టరమ్మగారు ఎర్రబడ్డ కళ్ళతో చర్చికి వచ్చారు. అయినా షరతు మార్చలేదు. అందుకే ఆవిడంటే నాకు గౌరవం.

ఇలాయ తన ఉముని పెరటి నుంచి మార్చి గాలి ఊరి అవతలికి పోయే చోట పెట్టుకున్నాడు. పచ్చి కట్టె మానేసి ఎండు కట్టె వాడాడు. వాడి తమ్ముళ్ళు ఎగతాళి చేశారు. "పెళ్ళాం కోసం పొయ్యే మార్చావు, ఇక ఆడవాళ్ళ తెల్లటోపీ పెట్టుకోవడమే తరవాయి" అన్నంత దాకా వెళ్ళారు. ఇలాయ ఆ వారం వాళ్ళకి పలుసామి పెట్టలేదు. మరుసటి వారానికి వాళ్ళ ఉములూ జరిగాయి.

గోధుమ రంగు పంపు దువ్వెనల పక్క నుంచి పళ్ళు తోముకునే బ్రష్షు పక్కకి వచ్చింది. ఏమీ జరగని మందుని రోజూ పీల్చడం లానువోలాకి పెద్ద పరీక్ష అయింది. "గాలి పీలుస్తున్నానా, మందు పీలుస్తున్నానా తెలియదు" అని సణిగేది. కానీ వారాలు గడిచేసరికి మెట్లెక్కుతూ మాట్లాడుతోంది. ఒక ఆదివారం చర్చి లోపలికి వచ్చి గుండె మీద చెయ్యి పెట్టుకుంటే, దెబ్బ కోసం వెతుక్కోవలసి వచ్చింది. ఆ రోజు ఫాలెవాయి కీర్తన ఆదివారం నాడు బుధవారం వేగంతో నడిచింది. భోజనం ఆలస్యమైంది. ఊళ్ళో సగం మంది మొహాలు మాడ్చుకున్నారు. "ఆవిడ జబ్బే మేలు" అని ఒకడు అన్నాడు, వాడి తల్లి వాడిని అక్కడే మొట్టింది. పాస్టరమ్మగారు మాత్రం కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

ప్రారంభోత్సవం రోజు వచ్చింది. జిల్లా అంతా మా ఊళ్ళోనే ఉంది. అంతమందికి భోజనమంటే మాటలా? ఊరి నాలుగు వైపులా ఉములే, పందులకి పందులే కాలుతున్నాయి. ఆ పొగ గాలి మాట కూడా వినలేదు. పాస్టరుగారి ఇంట్లోకీ వచ్చింది, కొత్త చర్చి రంగు అద్దాల సందుల్లోంచీ వచ్చింది. తమ బృందం పేరు పిలిచాక, లానువోలా లేచి ముందుకి నడిచేసరికి ఛాతీలో సన్నగా పిల్లికూత వినిపించింది.

ఆమె నిలబడిపోయింది. ఇప్పుడు పంపు పీలిస్తే గుండె లేస్తుంది, నాన్న పాట పరుగెత్తుతుంది. పీల్చకపోతే ఊపిరి ఎటు పోతుందో తనకి తెలుసు. వెయ్యిమంది చూస్తున్నారు. సియెనీ గుప్పిట నోటికి అడ్డం పెట్టుకుంది. లూసియా చెయ్యి కీబోర్డు మీట దగ్గరికి వెళ్ళింది.

లానువోలా ముందు వరస బెంచీ మీద కూర్చుంది. సంచిలోంచి చిల్లు సీసా తీసి, పంపు గుచ్చి, టోపీ అడ్డం పెట్టుకోకుండా అందరి ఎదుటా పీల్చింది. ఆగి మళ్ళీ పీల్చింది. తరవాత చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

అపియా నుంచి వచ్చిన పెద్ద పాస్టరుగారు గడియారం చూసుకున్నారు. లూసియా పెద్దమ్మ వైపు చూసి కళ్ళతోనే అడిగింది, నొక్కనా అని.

పాస్టరమ్మగారు మామూలు గొంతుతోనే అన్నారు, కొత్త చర్చి కాబట్టి చివరి వరస దాకా వినిపించింది. "చెయ్యి తియ్యవే. ఆవిణ్ణి ఊపిరి తీసుకోనీ."

అందరూ ఆగారు. బయట పందులు కాలే వాసన లోపలిదాకా వస్తోంది. పొద్దుటి నుంచి ఏమీ తినని జనం. మా ఊరి జనం ఎలాంటివాళ్ళో చెప్పాను కదా. ఒక్కరూ దగ్గలేదు, ఒక్కరూ కదల్లేదు. ఆ నిశ్శబ్దంలో లానువోలా ఛాతీలో కూత సన్నబడి ఆగిపోయింది.

లేచింది. గుండె ఇంకా పూర్తిగా ఇంటికి రాలేదు, వేళ్ళు కొంచెం వణుకుతున్నాయి. ఆ రోజు గుండె మీద చెయ్యి పెట్టుకోలేదు. ఇన్ని ఆదివారాలుగా తాము ఎలా పాడుతున్నారో బృందం కళ్ళల్లోనే ఉంది, అదే చూసి చెయ్యెత్తింది. చెయ్యి వణికింది, పాట వణకలేదు. నిదానంగా, నిండుగా లేచింది.

ఆ పాటలో ప్రతి పాదం చివరా ఒక పెద్ద ఆగుడు ఉంటుంది. చిన్నప్పటి నుంచీ అది పాటకి అందమనే అనుకుంది ఆమె. ఆదివారాల దడలో ఆ ఆగుళ్ళని మింగేసి ముందుకి దూకేది. ఇప్పుడు ప్రతి ఆగుడు దగ్గరా ఊపిరి తీసుకుంది. సరిగ్గా తనకి అయిపోయే చోట ఆగుడు వస్తోంది. మళ్ళీ అయిపోయే చోట మళ్ళీ వస్తోంది. పాట అయ్యేసరికి ఆమెకి ఏదో అనుమానం వచ్చింది.

భోజనాల దగ్గర సాలెవావో తాత పక్కన చాప మీద కూలబడి అడిగింది. "తాతా, నాన్న ఈ పాటలో అన్నిచోట్ల ఎందుకు ఆపాడు?"

తాత పంది తొక్క నములుతూనే చెప్పాడు. "నేనూ అడిగానే ఆ రోజుల్లో. ఇంత ఖాళీ ఎందుకురా, పాడేవాళ్ళు నిద్రపోతారు అన్నాను. ముందు వరసలో నా పిల్ల పాడుతోంది, దానికి అంతదాకా ఊపిరందదు, అందరూ దానికోసం ఆగితే దాన్ని ఎవరూ వేలెత్తి చూపించరు అన్నాడు మీ నాన్న. నీకు తెలుసనుకున్నాను."

ఆమెకి తెలియదు. లానువోలా ఆ చాప మీద అందరి ఎదుటా మొహం దాచుకోకుండా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఎంత ఏడ్చినా ఊపిరి మాత్రం తగ్గలేదు.